కటాఫ్ కింద పడ్డ తెలుగు

కంప్యూటరుకి తెలుగు నేర్పాలంటే తెలుగు పాఠం కావాలి, అదీ కుప్పలు తెప్పలుగా. వెబ్‌లో పేజీలకి లోటు లేదు గానీ, వాటిలో ఏది పనికొచ్చే తెలుగు, ఏది చెత్త, ఏది తెలుగు లిపి వేసుకొచ్చిన చెత్త అని మనుషులు కూర్చుని చదివి తేల్చే పని కాదది. అందుకని ప్రతి పేజీకీ ఒక ప్రోగ్రాము స్కోరు వేస్తుంది, సున్నా నుంచి ఒకటి దాకా. ఎక్కడో ఒకచోట గీత గీస్తారు. పైనున్నవి లోపలికి, కిందున్నవి బయటికి. ఇంజనీర్లు దీన్ని థ్రెషోల్డ్ అంటారు. ఎంసెట్ రాసిన పిల్లలున్న ఇంట్లో అయితే కటాఫ్ అంటే చాలు. ఆ కటాఫ్‌లో అన్యాయం జరిగిందనిపిస్తే పిల్లవాడు అడుగుతాడు, వాళ్ల నాన్న కోర్టు మెట్లెక్కుతాడు. పేజీ తరఫున అడిగేవాళ్లు లేరు. అందుకే ఈ గీత సంగతి నలుగురిలోకీ రావాలని నా పట్టుదల.

ఇక్కడ వాదించుకునే ఇద్దరూ ఒకే జట్టువాళ్లు, పైగా అక్కాతమ్ముళ్లు. అక్క చాలాకాలం తెలుగు దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటరు. ఇప్పుడు ఈ జట్టు పోగుచేసే తెలుగు ఎలా ఉందో చూసిపెడుతోంది. తమ్ముడు అక్కడే ఇంజనీరు. భాష మీద ప్రేమున్న మనిషి గీత దించమంటుందనీ, యంత్రం పక్కన కూర్చునేవాడు పెంచమంటాడనీ అనుకుంటాం. వీళ్ల దగ్గర అది తిరగబడింది.

అక్క: ఒరేయ్, కటాఫ్ 0.7 నుంచి 0.5కి దించావట. నన్నొక మాట అడగొద్దూ?

తమ్ముడు: దించలేదక్కా, దించుదామని రాశాను. నువ్వు సరేనంటేనే.

అక్క: అనను. డెస్కులో కూర్చున్న మొదటిరోజే చెప్పారు, అనుమానమొస్తే ఆపెయ్యమని. ఆపిన వార్త రేపు వేసుకోవచ్చు. అచ్చయిపోయిన తప్పుకి సవరణ వేసినా దాన్ని చదివే నాథుడుండడు. మీరు తెలుగు నేర్పే మోడల్ దగ్గర ఇంకా ఘోరం. తెలుగు పాఠం తక్కువ కాబట్టి ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ తిప్పి చదివిస్తారు. అంటే చెత్త పేజీని కూడా మళ్లీ మళ్లీ చదివిస్తున్నట్టే కదా.

తమ్ముడు: కాదనను. కానీ నువ్వు ఆపిన వార్త నీ టేబుల్ మీదే ఉంటుంది, మర్నాడు ఇంకోసారి చూస్తావు. ఇక్కడ ఆపిన పేజీ మళ్లీ ఎవరి కంటా పడదు. ఇంగ్లీషువాళ్లకి అది ఫర్వాలేదు. 2024లో హగ్గింగ్‌ఫేస్ అనే కంపెనీవాళ్లు ఫైన్‌వెబ్-ఎడ్యు అని ఇంగ్లీషు పాఠం తయారుచేసినప్పుడు, ఒక్కో పేజీ చదువుకి ఎంత పనికొస్తుందో 0 నుంచి 5 దాకా మార్కు వేసి, 3 దగ్గర గీత గీశారు. నూటికి 92 పాళ్లు ఎగిరిపోయింది. అయినా 1.3 లక్షల కోట్ల టోకెన్లు, అంటే మాట ముక్కలు, మిగిలాయి. మనం అలా కోస్తే చేతికేం మిగులుతుంది?

అక్క: మిగిలినంత మిగులుతుంది. 2011 జనగణనలో తెలుగు మా మాతృభాష అన్నవాళ్లు 8.11 కోట్లు. అంతమంది భాషకి పేదదని పేరుపెట్టి, దొరికిందల్లా తినిపిస్తానంటే నాకు ఒళ్లు మండుతుంది.

తమ్ముడు: దొరికిందల్లా అనలేదు. 0.5 అన్నాను.

అక్క: 0.5 ఎందుకు? 0.6 ఎందుకు కాదు? 0.7 మాత్రం ఎవరు పెట్టారు?

తమ్ముడు: 0.7 పాత ప్రాజెక్టులోంచి వచ్చింది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. 0.5 సగం కాబట్టి నేను పెట్టాను.

ఈ జవాబు దగ్గర కాసేపు ఆగాలి. నేను చూసినంతలో చాలా జట్ల దగ్గర వినిపించే జవాబు ఇదే. పేజీలు ఎలా పోగుచేశారు, ఏ మోడల్‌తో స్కోరు వేశారు అన్నదాని మీద పేరాలు పేరాలు రాస్తారు. గీత ఎక్కడ గీశారన్నది ఒక్క అంకెలో తేలిపోతుంది. ఆ అంకె వెనక కారణం ఉండదు. నిజానికి కారణం చెప్పే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అక్క అడిగాక తమ్ముడు అక్కడికే వచ్చాడు.

తమ్ముడు: అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ ట్రెక్ అని ఏటా పరీక్షలు పెడుతుంది. వాటిలో ఒకదానిలో వార్తా పత్రాలు ఒకటొకటిగా వచ్చేవి, ఫలానా విషయం కావాలన్న మనిషికి ఏవి పంపాలో ప్రోగ్రాము అప్పటికప్పుడు తేల్చాల్సి వచ్చేది. 2001, 2002 పరీక్షల్లో మార్కుల లెక్క ఇలా పెట్టారు: పనికొచ్చే పత్రం పంపితే రెండు మార్కులు, పనికిరానిది పంపితే ఒక మార్కు కోత. ఈ లెక్క చెప్పగానే గీత ఎక్కడుండాలో తేలిపోతుంది. పత్రం పనికొచ్చే అవకాశం మూడింట ఒక వంతు దాటితే పంపు, లేకపోతే వద్దు. సరిగ్గా మూడోవంతు దగ్గర వచ్చేదీ పోయేదీ సమానం.

అక్క: ఇంకోచోట ఇంకో లెక్క పెడితే?

తమ్ముడు: గీత జరుగుతుంది. 2000 ప్రాంతంలో ఏథెన్స్ పరిశోధకులు స్పామ్ మెయిళ్ల మీద పనిచేస్తూ, ఒక మంచి ఉత్తరం పోగొట్టుకోవడం 999 చెత్త ఉత్తరాలు లోపలికి రావడంతో సమానం అనుకుని చూశారు. అప్పుడు గీత 0.999 దగ్గరికి వెళ్లింది. ఉత్తరాలు అవే, ప్రోగ్రామూ అదే.

అక్క: అంటే ఏ తప్పుకి ఎక్కువ భయపడుతున్నామో ముందు చెప్పమంటావు. నా భయం చెప్తాను, రాసుకో. షుగరు మాత్రలు మానేసి ఫలానా ఆకు రసం తాగండి అని తెలుగులో పేజీలకి పేజీలున్నాయి. మా అత్తగారి వయసు మనిషి రేపు మీ మోడల్‌ని అడుగుతుంది, అది ఆ రసమే చెప్తుంది. అలాంటి పేజీ ఒక్కటి ఆపడానికి వెయ్యి మంచి పేజీలు పోయినా నాకు బాధ లేదు.

తమ్ముడు: వైద్యం పేజీలకి ఆ లెక్క నేనూ ఒప్పుకుంటాను. మరి అదే లెక్క కథకీ, పాటకీ, వంటకీ వేస్తావా? కథ బాగోలేకపోతే ఎవరి ప్రాణం పోతుంది?

అక్క: ఎవరి ప్రాణమూ పోదు, భాష పోతుంది.

తమ్ముడు: సరే, నీకు రెండు పేజీలు చూపిస్తాను. స్కోరు చెప్పను. ఏది ఉంచుతావో ఏది తీసేస్తావో చెప్పు. మొదటిది: ‘మీరు మీ మొదటి డిపాజిట్‌ను చేసిన తర్వాత, మీరు ఉచిత స్పిన్‌లను ఆనందించగలరు. ఇది మీ గెలుపు అవకాశాలను తదుపరి స్థాయికి తీసుకువెళుతుంది.’

అక్క: జూదం యాప్‌ది. మిషన్ అనువాదం. ‘మీరు మీ’ దగ్గరే తెలిసిపోయింది. తీసెయ్.

తమ్ముడు: రెండోది: ‘మా అవ్వ పొద్దుగాల్ల లేసి వాకిట్ల అలుకు జల్లి, తంగేడు పువ్వు కోసుకరానీకి చెలుకల పొంటి పోయేది. ఆమె ఎంబడి నేను.’

అక్క: ఎవర్రా రాసింది? ఇది ఉండాలి. ఇంకా ఉందా?

తమ్ముడు: రెండు పేజీలుంది. జూదం పేజీ స్కోరు 0.83. అవ్వ పేజీ స్కోరు 0.41.

అక్క: అదెలా?

తమ్ముడు: స్కోరు వేసే మోడల్ ఏ తెలుగు చూసి పెరిగిందో దాన్నే మంచి తెలుగు అనుకుంటుంది. 2019లో ఫేస్‌బుక్ వాళ్లు వెబ్ పేజీలు ఏరడానికి చేసిన సీసీనెట్ నుంచి ఈ పద్ధతి బాగా పాకింది. ఒక్కో భాషలో వికీపీడియా మీద చిన్న భాషా నమూనా తయారుచేస్తారు. పేజీలో తర్వాతి మాట దానికి ఎంత వింతగా తోస్తే ఆ పేజీకి అంత తక్కువ విలువ. ఆ వరస ప్రకారం పేజీలన్నిటినీ తల, నడుమ, తోక అని మూడు సమాన భాగాలు చేస్తారు. మన వికీపీడియాలో ఊళ్ల పేజీలు వేలకొద్దీ ఒకే మూసలో ఉంటాయి, జనాభా, హెక్టార్లు, దగ్గరి బస్టాండు. దాని పక్కన పెడితే మిషన్ అనువాదం ఏమాత్రం వింతగా ఉండదు, నున్నగా పోతుంది. చెలుకల పొంటి పోయే అవ్వే వింత.

అక్క: (కాసేపాగి) ఒక్కటడుగుతాను. కటాఫ్ 0.5కి దించావనుకో. అవ్వ 0.41. వస్తుందా?

తమ్ముడు: రాదు.

అక్క: 0.4కి దించితే వస్తుంది. దాంతోపాటు 0.4కీ 0.7కీ మధ్యనున్న బురదంతా వస్తుంది. జూదం పేజీ మాత్రం నీ 0.5 పెట్టినా, నా 0.7 ఉంచినా లోపలే ఉంటుంది. స్కోరే తప్పుడుదైతే గీత జరిపి ఏం లాభంరా? వంకర స్కేలు పట్టుకుని ఎక్కడ కొయ్యాలని నాతో పోట్లాడుతున్నావు.

ఇక్కడ అక్క మాటే నెగ్గిందని నా అభిప్రాయం. గీత వేరు, స్కోరు వేరు. పత్రాలను మంచీ చెడ్డా వరసలో సరిగ్గా పేర్చని స్కోరుకి మంచి కటాఫ్ అంటూ ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. తమ్ముడు చెప్పిన మూడోవంతు లెక్క పనిచేయాలంటే స్కోరు నిజంగా అవకాశాన్ని చెప్పాలి. 0.7 వచ్చిన వంద పేజీలు తీసి చదివితే డెబ్భై మంచివి కావాలి. అలా అవుతున్నదో లేదో చదవకుండా తెలియదు. వార్తల పేజీల్లో 0.7కి తొంభై మంచివి ఉండొచ్చు, అమ్మకాల పేజీల్లో అదే 0.7కి నలభై కూడా ఉండకపోవచ్చు. అంకె ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటి కాదు.

తమ్ముడు మాత్రం వదల్లేదు.

తమ్ముడు: ఒప్పుకున్నాను, స్కోరు మార్చాలి. కానీ నీ 0.7 నిలబడిందనుకోకు. మన జల్లెడలో స్కోరు ఒక్కటే లేదు, దానికి ముందు ఇంకో ఆరేడు కటాఫ్‌లున్నాయి, అన్నీ ఇంగ్లీషు చూసి పెట్టినవే. 2021లో డీప్‌మైండ్ వాళ్లు గోఫర్ మోడల్‌కి పెట్టిన నియమాలు చూడు. పేజీలో మాట సగటు పొడవు 3 నుంచి 10 అక్షరాల మధ్య ఉండాలి. కనీసం 50 మాటలుండాలి. ఇంగ్లీషులో అడుగడుక్కీ వచ్చే ఎనిమిది చిన్న మాటల్లో రెండైనా ఉండాలి.

అక్క: ఆఖరిది మనకెలా పెడతారు?

తమ్ముడు: అది ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి తీసేస్తారు. మొదటి రెండూ మాత్రం అలాగే ఉండిపోతాయి. ‘వెళ్ళిపోతున్నానన్నాడు’ అన్న మాట తీసుకో. మనం రాసుకుంటే ఎనిమిది అక్షరాలు. కంప్యూటరు గుణింతపు గుర్తులనీ పొల్లునీ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి ఇరవై ఒకటి. ఆ ఒక్క మాట ఇంగ్లీషులో నాలుగైదు మాటలవుతుంది. అంటే పొడవు హద్దులో మన మాట పెద్దదైపోతుంది, లెక్క హద్దులో మన పేజీ చిన్నదైపోతుంది. రెండు వైపులా మనకే దెబ్బ.

అక్క: సమాసాలతో నిండిన పాత వ్యాసమైతే సగటు పదికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

తమ్ముడు: అదే. ఒక హద్దు దగ్గర పాత పుస్తకం ఆగిపోతుంది, ఇంకో హద్దు దగ్గర పల్లె మాట ఆగిపోతుంది. మధ్యలో మిగిలేది వెబ్‌సైటు తెలుగు. గిడుగు రామమూర్తి పంతులు అన్నేళ్లు పోట్లాడింది జనం మాట పుస్తకాల్లోకి రావాలని. యశోదారెడ్డి తెలంగాణ మాటలో, నామిని చిత్తూరు మాటలో కథలు రాశారు. ఆ పోరాటం గెలిచామనుకుంటున్నాం. ఇప్పుడు ఎవరూ చూడని ఫైల్లో ఒక అంకె పెట్టి, జనం మాటని మళ్లీ బయట నిలబెడుతున్నాం.

అక్క: కవిత్వం?

తమ్ముడు: 2019లో గూగుల్ వాళ్లు సీ4 అని ఇంగ్లీషు పాఠం పోగుచేసినప్పుడు, చివర చుక్కో ప్రశ్నార్థకమో అలాంటి గుర్తేదో లేని వరసలన్నీ తీసేశారు. మెనూలూ బటన్లూ పోవాలని ఆ నియమం. అదే తెచ్చి మనకి పెడితే, పద్యం పాదం చివర చుక్క పెట్టేవాళ్లెవరు?

అక్క: (నొచ్చుకుని) అలాగని మెనూలన్నీ ఉంచేస్తావా? ‘ఇవి కూడా చదవండి’, ‘మరిన్ని వార్తల కోసం’, ఒక్కో వార్త కింద ఇరవై వరసలు. మా పత్రిక సైటే అంత. ఇంకోటి విను. తెలుగు లిపిలో ఉన్నదంతా తెలుగు కాదు. లలితా సహస్రనామం, విష్ణు సహస్రనామం, అష్టోత్తరాలు ఎన్ని సైట్లలో ఉన్నాయో చూశావా? లిపి మనది, భాష సంస్కృతం. లిపి చూసి లోపలికి పంపే ప్రోగ్రాము వాటిని తెలుగని రాసుకుంటుంది.

తమ్ముడు: అవి పోవాలంటావా?

అక్క: పోవాలనడం లేదు. తెలుగని లెక్కలో రాయొద్దంటున్నాను. కింద టీకా తాత్పర్యం ఉంటే అది తెలుగు, దాన్ని ఉంచు. చూశావా, దీనికి గీత పైకీ కిందికీ జరిపితే పనవదు. ఇదేమిటో ముందు తెలుసుకుని వేరే కట్టలో పెట్టాలి.

తమ్ముడు: నేనూ అక్కడికే వస్తున్నాను. గీత కిందున్నదాన్ని తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు చూడాలి. ఆ ట్రెక్ పరీక్షలో ఇదే చిక్కు. పంపిన పత్రాలకే బాగుందనో బాగోలేదనో జవాబొస్తుంది. పంపనివాటి సంగతి ప్రోగ్రాముకి ఎప్పటికీ తెలియదు. గీత మరీ పైనుంటే తప్పు చేస్తున్నానని దానికి తెలిసే దారే లేదు. కిందుంటే కనీసం తిట్లయినా వస్తాయి.

అక్క: తిట్లు రాకపోతే బాగా చేస్తున్నామనుకుంటాం. డెస్కులోనూ అంతే. వేసిన వార్త మీద ఫోన్లొస్తాయి. వెయ్యని వార్త మీద ఎవరూ చెయ్యరు.

తమ్ముడు: 1985లో బ్లెయిర్, మారన్ అని ఇద్దరు ఒక దావా కాగితాల మీద ఇదే చూశారు. దాదాపు 40,000 పత్రాలు, మూడున్నర లక్షల పేజీలు. లాయర్లు కంప్యూటర్లో వెతికించుకుని, కావలసినవాటిలో నూటికి 75 దొరికాయన్న ధీమాతో ఉన్నారు. దొరకనివాటిలోంచి మచ్చుకి తీసి చదివితే తేలింది, దొరికినవి సుమారు 20. అక్కడ స్కోరూ కటాఫూ లేవు, మాటలిచ్చి వెతకడమే. కానీ ఆ ధీమా మనదే.

లాయర్లు అసమర్థులు కారు, వెతికించుకున్నది తమ దావా కాగితాలే. అయినా బయట మిగిలినదాని గురించి వాళ్లకున్న అంచనా అంత దూరం తప్పింది. ఈ లెక్క చదివినప్పటినుంచి ‘మా ఫిల్టర్ బాగానే పనిచేస్తోంది’ అని ఎవరన్నా నేను మొదట అడిగేది, బయట పడేసినవాటిలోంచి ఎన్ని చదివారని. అలాగని పైన ఉంచుకున్నదానికి గ్యారంటీ ఉందని కాదు. 2022లో అచ్చయిన ఒక పరిశీలనలో పలు భాషల పాఠాలు కలిపి 205 సంకలనాలు తిరగేస్తే, కనీసం 15 సంకలనాల్లో ఆ భాషలో పనికొచ్చే వాక్యమే లేదు. అంతకన్నా బాధ కలిగించింది, ఆ లోపాలు భాష సరిగ్గా రానివాళ్లకు కూడా ఇట్టే కనిపించాయని తేలడం. ఎవరూ తెరిచి చూడలేదు, అంతే.

అక్క: అయితే ఏం చేద్దామంటావు? మొత్తం తీసుకొచ్చి నా నెత్తిన పెడతావా?

తమ్ముడు: మొత్తం కాదు. గీతకి దగ్గరున్నవి చాలు. 0.95 వచ్చినదాన్నీ 0.05 వచ్చినదాన్నీ చదివితే కొత్తగా తెలిసేది తక్కువ. ఇటో అటో తేలనివే చదవాలి, తర్వాత అట్టడుగునుంచి మచ్చుకి కొన్ని. వార్తలు ఒక కట్ట, కథలూ బ్లాగులూ ఒక కట్ట, వైద్యం ఒక కట్ట, అమ్మకాలు ఒక కట్ట. ఒక్కో కట్టకి గీత దానిదే. ఇంగ్లీషు కాని భాషలకి ఫైన్‌వెబ్ వాళ్లు తర్వాత చేసింది కూడా భాషకో హద్దు పెట్టడమే. మనం ఇంకో మెట్టు దిగి, భాషలోపల కూడా పెడదామంటున్నాను.

అక్క: కథల కట్టకి ఎంత?

తమ్ముడు: అక్కడ అసలు కత్తిలా కొయ్యొద్దంటాను. 2020లో జీపీటీ-3కి పాఠం ఏరినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లు ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నారు. స్కోరు ఎక్కువుంటే దాదాపు తప్పకుండా లోపలికి. తక్కువుంటే లాటరీ వేసినట్టు, అప్పుడప్పుడు ఒకటి లోపలికి. స్కోరు వేసేది పొరపాటు పడొచ్చని వాళ్లకి తెలుసు, అందుకే తలుపు పూర్తిగా మూయలేదు.

అక్క: లాటరీ నాకు నచ్చలేదు. అవ్వ పేజీ లాటరీలో రావడమేంట్రా? అది హక్కుగా రావాలి. మాండలికం రాసినవాళ్ల పుస్తకాలు, అనుమతి తీసుకుని, ఓ యాభై టైపు చేయించు. స్కోరు వేసే మోడల్‌కి అవి కూడా మంచి తెలుగని చూపించు. మిషన్ అనువాదాలు ఓ రెండువేలు నేను ఏరిస్తాను, అవి చెడ్డవని చూపించు. ఆ తర్వాత వచ్చిన స్కోరు మీద గీత గురించి మాట్లాడదాం.

తమ్ముడు: దానికి రెండు నెలలు పడుతుంది. ఈలోపు పాఠం పంపమని పైనుంచి ఒత్తిడి.

అక్క: ఈలోపు పంపేదానికి వార్తల్లో 0.7 ఉంచు. అమ్మకాల కట్ట మొత్తం ఆపు, జూదం పేజీకి 0.83 ఇచ్చిన స్కోరుని ఆ కట్టలో నేను నమ్మను. కథల్లో నువ్వన్న లాటరీయే కానీ, రెండు నెలలకే. తీసేసిన ప్రతి పేజీ ఎక్కడుందో, ఏ నియమం కింద పోయిందో రాసిపెట్టు. మళ్లీ తెచ్చుకోవడానికి వీలుండాలి.

తమ్ముడు: అవన్నీ దాచాలంటే డిస్కు ఖర్చు...

అక్క: అడుగు. ఇవ్వకపోతే నేనడుగుతాను. వైద్యానికి?

తమ్ముడు: ప్రభుత్వ ఆసుపత్రులవీ, వైద్య కళాశాలలవీ చేర్చుకుని, మిగతావన్నీ నువ్వు చూసేదాకా ఆపుతాను. కానీ ఒకటి చెప్పు. తమ నాయనమ్మ బాలింతకి ఏం పెట్టేదో ఎవరో రాశారనుకో, వాము కారం, వెల్లుల్లి. అది వైద్యమా, కథా?

అక్క: ఎవరు రాశారు, ఎలా రాశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘మా నాయనమ్మ పెట్టేది’ అంటే కథ. ‘మీరు పెట్టండి’ అంటే వైద్యం.

తమ్ముడు: ఒకే పేజీలో రెండూ ఉంటే? చాలావాటిలో రెండూ ఉంటాయి.

అక్క: అలాంటివి ఎన్నున్నాయో ముందు లెక్క తీయించు. వందల్లో ఉంటే నేనే చదువుతాను. వేలల్లో ఉంటే మా డెస్కులో రిటైరైనవాళ్లు ఇద్దరున్నారు, డబ్బు ఎంతిస్తారో కనుక్కుని చెప్పు.